ఏ సనదు మీద పట్టుకున్నావు?

చట్టం నడిచిన దారి – 11వ భాగం

గత సంచికలో మోటుపల్లి రేవులో ఆగాం. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులే పట్టుకుపోయే పాత అలవాటును 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయ శాసనంతో మాన్పించాడు. సుంకం తీసుకుని మిగతాది సొంతదారుకు వదలమన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1275లో, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు కూడా ఇదే సంగతి మీద చట్టం చేశాడు. పగిలిన ఓడలోంచి మనిషి గానీ కుక్క గానీ పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే ఆ సరుకు రాజుకు చెందదు; సొంతదారు వచ్చి అడగడానికి ఏడాది మీద ఒక రోజు గడువు. వ్యాపారి ఆస్తి పిల్లి ప్రాణం మీద ఆధారపడిన రోజులవి. ఆ ఎడ్వర్డుతో ఈ సంచికలోనూ మనకు పని ఉంది. ఈసారి ఓడల గురించి కాదు, నేల గురించి. మనం నిలబడేది మాత్రం హైటెక్ సిటీ చుట్టుపక్కల.

సైబరాబాద్‌లో ఫ్లాటు కొన్నవాళ్లలో చాలామంది సేల్ డీడ్ చివర ఉండే షెడ్యూలు చదవరు. అప్పిచ్చే బ్యాంకు లాయరు మాత్రం ముందు ఆ పేజీయే తిప్పుతాడు. అక్కడ ఊరి పేరు వెనక ఒక తోక కనిపిస్తుంది. మణికొండ జాగీర్, మణికొండ ఖాల్సా, రాయదుర్గం పన్మక్తా, రాయదుర్గం పైగా, రాయదుర్గం నౌఖాల్సా. మెట్రో రైలుకు రాయదుర్గం ఒక్కటే, రెవెన్యూ శాఖకు మూడు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి జాగీర్లు రద్దయి యాభయ్యేళ్లు కావస్తోంది. అయినా ఈ తోకలు తెగలేదు. సర్వే నంబర్లన్నీ వాటికే కట్టి ఉన్నాయి.

నిజాం రాజ్యంలో నేలంతా ఒక రకం కాదు. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునేది ఖాల్సా, అంటే దీవానీ. రమారమి అరవై శాతం. నిజాం సొంత ఖర్చులకు పోయేది సర్ఫ్-ఎ-ఖాస్. అది పది శాతం. మిగిలిన ముప్పై శాతం జాగీర్లు, వాటి దాయాదులు. జాగీర్దారుకు దఖలు పడింది ఊరి మీద వచ్చే శిస్తు. పన్మక్తా పట్టినవాడు ఏటా సర్కారుకు ఇంత అని ఒక నిలకడైన మొత్తం కట్టి, మిగతాది అనుభవిస్తాడు. పైగా మీద సైనిక బాధ్యత ఉండేది. గుర్రపు దళాన్ని పోషించి, నిజాం పిలిచినప్పుడు పంపాలి. 18వ శతాబ్దంలో నిజాం అలీ ఖాన్ కొలువులో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో మొదలైన ఆ వంశం తర్వాతి రోజుల్లో మూడు పైగాలుగా చీలింది. అవి అస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ. పైగాలకూ కొన్ని పెద్ద జాగీర్లకూ సొంత పోలీసులు, సొంత కోర్టులు కూడా ఉండేవి. గట్టు దాటితే తగువు తీర్చే కచేరీ మారేది.

ఇదంతా చదివిన యూరప్ చరిత్రకారుడికి కొత్త దేశం చూసినట్టు అనిపించదు. తెలిసిన ఊరికే తిరిగొచ్చినట్టు ఉంటుంది. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు విలియం అక్కడి నేలను తన సేనానులకు పంచాడు. ఒక్కొక్కరు ఇంతమంది ఆశ్వికులను రాజు యుద్ధాలకు పంపాలని కట్టుబాటు. ఇరవై ఏళ్లకు, 1086లో, ఊరూరికీ మనుషులను పంపి లెక్క రాయించాడు. పాత రాజు ఎడ్వర్డ్ (మన మొదటి ఎడ్వర్డు కాదు) కాలంలో ఈ ఊరు ఎవరి చేతిలో ఉంది? ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఎన్ని నాగళ్లు నడుస్తున్నాయి? ఎంత వస్తుంది? ప్రళయ దినాన జరిగే విచారణకు అప్పీలు ఉండదు కదా, ఆ లెక్కల పుస్తకాన్నీ జనం అదే పేరుతో పిలిచారు: డూమ్స్‌డే బుక్. మన రెవెన్యూ వాళ్ల భాషలో అది ఇంగ్లండు సేత్వార్, అంటే తొలి సర్వే రిజిస్టరు.

అయితే లెక్క వేరు, చట్టం వేరు. గుర్రాలు పంపే కట్టుబాటు చాలాకాలం చేతిలో చెయ్యి వేసి చేసిన ప్రమాణంగానే నడిచింది. తండ్రి చనిపోతే నేల కొడుక్కి వస్తుందా? ప్రభువు వెనక్కి తీసుకోవచ్చా? కూతురికి హక్కుందా? ఒక్కో చోట ఒక్కో ఆనవాయితీ. దీన్ని కాగితం మీద పెట్టినవాళ్లలో మొదటి వరసలో ఉన్నది రాజులు కాదు, ఒక తండ్రి. 12వ శతాబ్దం మధ్యలో మిలాన్ నగరంలో ఒబెర్తో దల్ ఓర్తో అనే న్యాయాధికారి ఉండేవాడు. కొడుకు అన్సెల్మో బొలోన్యాలో లా చదువుతున్నాడు. అక్కడ ఇర్నేరియస్ అనే పండితుడు మొదలుపెట్టిన బోధన అప్పటికే ఒక ప్రవాహమైపోయింది. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించి, తర్వాత పడమటి దేశాలు దాదాపు మరిచిపోయిన రోమన్ న్యాయ సంకలనం డైజెస్టును తిరిగి బయటికి తీసి, మాట మాటకూ మార్జిన్లో వ్యాఖ్య రాస్తున్నారు. మన విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర రాసిన కాలానికి ఇది ఎంతో దూరం కాదు. రెండు చోట్లా పని ఒకటే, పాత గ్రంథానికి కొత్త వ్యాఖ్య.

కొడుకు చదివే ఆ పుస్తకాల్లో సైనిక నేలల గురించి ఒక్క ముక్క లేదు. మరి మిలాన్ కోర్టులో రోజూ వచ్చే తగువులు అవే. అందుకని ఒబెర్తో కొడుక్కి ఉత్తరాలు రాశాడు. మన దగ్గర కొన్ని కేసులు రోమన్ చట్టంతో తేలతాయి, కొన్ని లొంబార్డు చట్టంతో, మిగతావి ఆనవాయితీతో తేలతాయి అని చెప్పి, ఆ ఆనవాయితీ ఏమిటో విడమరిచాడు. ఆ ఉత్తరాలు ఇతర రాతలతో కలిసి ‘లిబ్రీ ఫ్యూడోరుమ్’ అనే సంకలనమయ్యాయి. బొలోన్యా పండితులు దాన్ని జస్టీనియన్ గ్రంథాల చివర చేర్చి పాఠం చెప్పారు. కొడుకు చదువు కోసం తండ్రి రాసిన నోట్సు ఖండమంతటికీ పాఠ్యపుస్తకమైపోయింది!

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘ఫ్యూడలిజం’ అని మనం తేలిగ్గా అనేస్తాం. 1994లో సూసన్ రేనాల్డ్స్ అనే ఇంగ్లిష్ చరిత్రకారిణి, యూరప్‌లోనే అలాంటి ఏకరూప వ్యవస్థ లేదనీ, ఒబెర్తో తర్వాతి లాయర్లే దాన్ని అల్లారనీ గట్టిగా వాదించింది. మన దేశంలో ఆర్.ఎస్. శర్మ 1965లో భారతీయ ఫ్యూడలిజం ఉందని పుస్తకం రాస్తే, 1981లో హర్బన్స్ ముఖియా అసలు ఉందా అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. నాకైతే వ్యవస్థ పేరు కన్నా వాళ్లు కోర్టులో వేసుకున్న ప్రశ్నలే ఆసక్తి. ప్రశ్నలు మాత్రం రెండు చోట్లా ఆశ్చర్యంగా ఒకటే.

వారసత్వం సంగతి చూడండి. ఇంగ్లండులో సామంతుడు పోతే కొడుకు రాజుకు ‘రిలీఫ్’ అనే సొమ్ము కట్టి నేల విడిపించుకోవాలి. ఎంత కట్టాలన్నది రాజు నోటి మాట. జాన్ రాజు ఆ నోరు మరీ పెద్దగా తెరిచాడు. 1215లో బ్యారన్లు తిరగబడి రాయించుకున్న మాగ్నా కార్టా అనగానే మనకు న్యాయ విచారణ లేకుండా ఎవరినీ బంధించకూడదన్న 39వ నిబంధన గుర్తొస్తుంది. బ్యారన్లకు మాత్రం అంతకన్నా ముందు గుర్తొచ్చింది రెండో నిబంధన: బ్యారనీకి నూరు పౌన్లు, ఒక్క నైటు నేలకు నూరు షిల్లింగులు, అంతకు మించి అడగరాదు.

హైదరాబాద్‌లో జాగీర్దారు కన్ను మూస్తే జాగీరు సర్కారు జప్తులోకి పోయేది. తర్వాత విరాసత్ విచారణ. వారసులెవరు, ఎవరి నికా ఎప్పుడు జరిగింది, అసలు మంజూరు మగ సంతానానికేనా, ఇవన్నీ తేలేసరికి ఏళ్లు పట్టేది. తేలాక నజరానా కట్టాలి. ఇక్కడ మాగ్నా కార్టా లాంటిది రాలేదు. కారణం నిజాంల మంచితనమో జాగీర్దార్ల పిరికితనమో కాదు. ఇంగ్లండులో నైటు నేల వంశం చేతిలో బిగుసుకుపోయింది. హైదరాబాద్ జాగీరు చట్టం దృష్టిలో చివరిదాకా పాలకుడి దయగానే మిగిలింది. దయ మీద బతికేవాడు బేరమాడలేడు.

ఇప్పుడు ఎడ్వర్డు దగ్గరికి పోదాం. 1274లో క్రూసేడు యుద్ధం నుంచి తిరిగొచ్చి చూస్తే, తాను లేని కాలంలో ప్రభువులు రాజు హక్కులెన్నో నమిలేశారని తెలిసింది. సంతలు పెడుతున్నారు, సుంకాలు వసూలు చేస్తున్నారు, కోర్టులు నడుపుతున్నారు, దొంగల్ని ఉరి తీస్తున్నారు. ముందు ఊరూరా విచారణ జరిపించి, 1278లో గ్లోస్టరులో చట్టం చేశాడు. ప్రతి ప్రభువూ రాజు న్యాయమూర్తుల ముందుకు వచ్చి ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఏ అధికార పత్రంతో? లాటిన్‌లో దాన్ని ‘క్వో వారంటో’ అన్నారు. మన హైకోర్టుల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే రిట్ వేస్తున్నారు. ఈ పదవిలో ఏ హక్కుతో కూర్చున్నావని అడగడానికి.

దీని మీద ఒక కథ ఉంది. వారెన్ ఎర్ల్‌ను న్యాయమూర్తులు ప్రశ్నిస్తే, అతను తాతల నాటి తుప్పు పట్టిన కత్తి దూసి, ఇదిగో నా పత్రం, మా పెద్దలు విలియంతో కలిసి వచ్చి దీనితోనే నేల గెలిచారు, దీనితోనే కాపాడుకుంటాను అన్నాడట. గిస్‌బరో మఠానికి చెందిన వాల్టర్ అనే సన్యాసి తన చరిత్రలో రాశాడు. చరిత్రకారులు దీన్ని పెద్దగా నమ్మరు. కానీ ఎవరో కల్పించి ఉంటే, ఎందుకు కల్పించారో ఊహించడం తేలిక. పత్రం లేని పెద్దమనుషులు అప్పుడు ఎందరో. వాళ్ల పూర్వులకు నేల ఇచ్చినప్పుడు చేతిలో ఒక మట్టి గడ్డో, కత్తో, కొమ్ముబూరో పెట్టారు గానీ కాగితం పెట్టలేదు. ఇప్పుడు రాజు కాగితం చూపమంటున్నాడు.

జ్ఞాపకం నుంచి కాగితానికి జరిగిన ఈ మార్పును మైకేల్ క్లాంచీ అనే చరిత్రకారుడు ఒక విచిత్రమైన కొలతతో పట్టుకున్నాడు. రాజు కార్యాలయం ఉత్తరాల మీద ముద్ర వేయడానికి వాడిన లక్క బరువది. 1220ల చివర్లో వారానికి మూడున్నర పౌన్లు. 1260ల చివరికి దాదాపు ముప్పై రెండు. నలభై ఏళ్లలో తొమ్మిది రెట్లు. ఏ శాసనమూ చెప్పలేని సంగతిని ఖజానా వాళ్ల లక్క ఖర్చు చెప్పేసింది.

ఎడ్వర్డు చివరికి పట్టు సడలించాడు. 1290లో రాజీ కుదిరింది. 1189లో మొదటి రిచర్డు పట్టాభిషేకం నాటి నుంచీ తెగకుండా అనుభవిస్తున్నట్టు చూపగలిగితే చాలు, పత్రం అక్కర్లేదు. ఆ తేదీకి అవతల ఉన్నదంతా చట్టం దృష్టిలో మనిషి జ్ఞాపకానికి అందని కాలం. తెలంగాణలో భూమి తగువు తెలిసిన ఎవరినైనా అడగండి, వాళ్లకూ అలాంటి తేదీ ఒకటుంది. 1954–55 ఖాస్రా పహాణీ. అందులో పేరుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. దాని వెనక్కి పోవాలంటే సేత్వార్, ఫైసల్ పట్టీ, ఉర్దూ చదవగలిగిన ఒక ముసలాయన కావాలి.

హైదరాబాద్‌లో సనదు, అంటే అధికార పత్రం, చూపమని అడిగే పని సాలార్ జంగ్‌తో ఊపందుకుంది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న ఆయన రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, జీతం తీసుకునే అధికారులను పెట్టి, ఇనాముల మీద విచారణ జరిపించాడు. ఆ విచారణ చేసే శాఖే తర్వాత అతియాత్ అయింది. ఊళ్లు అనుభవిస్తున్న ప్రతివాడూ తన పత్రం తెచ్చి చూపాలి. విచారణాధికారి దాన్ని దఫ్తరులో ఉన్న నకలుతో పోల్చి చూసి, ఎవరికి, ఎంత, ఏ షరతు మీద అన్నది తేల్చి ముంతఖబ్ ఇస్తాడు. మొగలుల కాలం నుంచీ పేరుకున్న ఫారసీ కాగితాలు కట్టలు కట్టలుగా ఇప్పటికీ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. షాజహాన్, ఔరంగజేబు కాలపు సైనిక పత్రాలు కూడా అక్కడే. సైబరాబాద్ కేసు పట్టుకున్న లాయరు ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లు ఎక్కక తప్పదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. మరుసటి ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్. 1358 ఫసలీ అని దాని మీద ఉంటుంది. జాగీర్లు దీవానీలో కలిసిపోయాయి, జాగీర్దార్లకు కొన్నేళ్ల పాటు పరిహారం. 1952లో అతియాత్ విచారణల చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం. కాగితం మీద కథ ముగిసింది. నిజానికి ఇక్కడే మొదలైంది.

మణికొండకు వద్దాం. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో, హుస్సేన్ సాగర్ కట్టించాడని చెప్పే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా అక్కడే ఉంది. దర్గా సేవ షరతుగా మణికొండ జాగీరు మంజూరైంది. మష్రూతుల్ ఖిద్మత్ అంటారు దాన్ని, సేవ చేసినంత కాలం అనుభవం అన్నమాట. 1989లో వక్ఫ్ బోర్డు గెజిట్‌లో ప్రకటించిన దర్గా ఆస్తి విస్తీర్ణం రమారమి ఒక ఎకరం. 2006లో ఒక సవరణ నోటిఫికేషన్ వచ్చింది. అందులో 1654 ఎకరాల 32 గుంటలు చేరాయి. ఆ నడుమ ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ నేల మీద లాంకో హిల్స్, ఎమ్మార్, మైక్రోసాఫ్ట్, ఇన్ఫోసిస్, విప్రో వచ్చాయి. సర్కారు వాళ్లకు ఇచ్చిన భూమి దేవుడి పేర ఉందని బోర్డు అంది. 1949లోనే మాకు దఖలు పడిందని సర్కారు అంది. 2012లో హైకోర్టు సర్కారు పిటిషన్‌ను కొట్టేసింది.

ఈ తగువును 12వ శతాబ్దపు ఇంగ్లిష్ న్యాయమూర్తి ముందు పెడితే ఒక్క క్షణం కూడా తడుముకోడు. అతని దగ్గర దీనికోసమే ఒక విచారణ ఉంది. 1164లో రెండో హెన్రీ క్లారెండన్‌లో ప్రకటించిన నియమాల్లో తొమ్మిదోది ఇది: ఒక నేల గురించి, ఇది చర్చికి ధారపోసిన ధర్మమా లేక మామూలు లౌకిక నేలా అన్న తగువు వస్తే, ముందు పన్నెండుమంది ఇరుగుపొరుగు మనుషులు ప్రమాణం చేసి తేల్చాలి. ధర్మం అని తేలితే కేసు చర్చి కోర్టుకు, కాకపోతే రాజు కోర్టుకు. చూడటానికి చిన్న నియమమే గానీ, తేల్చే గడప రాజుది. కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ థామస్ బెకెట్ ఈ నియమాలకు అడ్డం తిరిగాడు. 1170 డిసెంబరు 29న రాజు మనుషులు అతన్ని చర్చిలోనే నరికేశారు. హెన్రీ చెప్పుల్లేకుండా నడిచి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు, కానీ ఆ విచారణ మాత్రం నిలిచింది. రాజులకు దీని మీద అంత పట్టుదల ఎందుకంటే, చర్చికి పోయిన నేల తిరిగి రాదు. చర్చి చావదు కనుక వారసుడు ఉండడు, రిలీఫ్ ఉండదు, మైనరు వారసుడి పేర వచ్చే రాబడి ఉండదు. 1279లో ఎడ్వర్డు తన అనుమతి లేనిదే మఠాలకు నేల ఇవ్వరాదని చట్టం చేసింది అందుకే.

పక్కదారి ఒకటి. ఆక్స్‌ఫర్డులో 1264లో పుట్టిన మెర్టన్ కాలేజీ నిబంధనలకూ వక్ఫ్ పద్ధతికీ దగ్గరి పోలికలున్నాయనీ, ఇంగ్లిష్ ట్రస్టు మూలాల్లో వక్ఫ్ ప్రభావం ఉండొచ్చనీ 1988లో ఒక పరిశోధకురాలు వాదించింది. పోలికలు నిజమే. ఎవరి ద్వారా, ఎలా చేరిందన్న గొలుసు మాత్రం నాకు తెగినట్టే కనిపిస్తుంది.

మణికొండ మీద తుది మాట 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టులో వచ్చింది. జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ వి. రామసుబ్రమణియన్ ధర్మాసనం పాత ఫర్మానాలు, ముంతఖబ్, అతియాత్ నిర్ణయాలు అన్నీ తిరగేసింది. జాగీరంటే శిస్తు మీద హక్కే గానీ మట్టి మీద హక్కు కాదనీ, 1949 రెగ్యులేషన్‌తో ఆ హక్కు సర్కారుకు చేరిపోయిందనీ, దర్గాకు మిగిలింది దాని బదులు వచ్చే సొమ్మేననీ తేల్చి, 2006 సవరణను కొట్టేసింది. 1654 ఎకరాల 32 గుంటలూ రాష్ట్రానివే. హెన్రీ ప్రశ్నకు మణికొండలో 858 ఏళ్ల తర్వాత లౌకికం అని జవాబొచ్చింది. తీర్పు నాకు తర్కబద్ధంగానే కనిపిస్తుంది. అయినా ఒక్క మాట. పన్నెండుమంది ఇరుగుపొరుగు ప్రమాణం చేసే రోజులు పోయాయి. దర్గా ఉరుసుకు తరతరాలుగా వచ్చే షేక్‌పేట, మణికొండ మనుషుల జ్ఞాపకానికి ఈ విచారణలో విలువ లేదు. కాగితానికి ఉంది.

పైగా నేలల మీద నడిచిన దావా అయితే ఇంకా పెద్దది. ఖుర్షీద్ జాహీ పైగా ఆస్తుల పంపకం కోసం 1955లో సిటీ సివిల్ కోర్టులో వేశారు. హైకోర్టుకు మారి 1958లో సీఎస్ 14 అయింది. 1963 జూన్ 28న ప్రిలిమినరీ డిక్రీ. దాని కింద హఫీజ్‌పేట, హైదర్‌నగర్ నేలల మీద వచ్చిన తగువులు ఎన్నో. హైదర్‌నగర్ సర్వే నంబరు 172 మీద సుప్రీంకోర్టు తీర్పు 2023 జూన్‌లో వచ్చింది. అంటే గుర్రపు దళానికని ఇచ్చిన ఊళ్ల పంపకం, గుర్రాలు పోయి, దళం పోయి, నిజాం పోయి, మియాపూర్‌కు మెట్రో వచ్చాక కూడా నడుస్తూనే ఉంది.

ఆ ఏడాదే ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ధర అంత ఉన్నప్పుడు కాగితం పుట్టదా? యూరప్‌లోనూ పుట్టింది. 12వ శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్ మఠం సన్యాసులు పాత రాజుల పేర దొంగ పత్రాలు తయారుచేశారు. అన్నిటికన్నా పెద్దది, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పడమటి సామ్రాజ్యాన్ని పోపుకు ధారపోశాడన్న దానపత్రం. ఎనిమిదో శతాబ్దంలో పుట్టించిన ఆ పత్రాన్ని 1440లో లొరెంజో వల్లా పట్టేశాడు. అందులోని లాటిన్ కాన్‌స్టాంటైన్ కాలానిది కాదని చూపించాడు. సైబరాబాద్ నకిలీ పత్రాల కథలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి కనుక ఇక్కడ తిరగరాయను. అప్పటి మోసగాళ్ల పుణ్యాన లాటిన్ భాషా చరిత్రయినా తేటపడింది.

కాగితం లేనివాడికి యూరప్ చట్టం ఒక తలుపు తెరిచింది. 1166 ప్రాంతంలో రెండో హెన్రీ పెట్టిన విచారణలో ఒకటే అడుగుతారు. ఇతన్ని ఇటీవల, అన్యాయంగా, తీర్పు లేకుండా నేల మీంచి వెళ్లగొట్టారా? హక్కు ఎవరిదన్నది తర్వాత. ముందు మనిషిని తిరిగి నేల మీద నిలబెట్టు. మన 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్‌లో ఉన్నది అదే. వెళ్లగొట్టిన ఆరు నెలల్లో దావా వేస్తే, టైటిల్‌తో పని లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ప్లాటుకు రాత్రికి రాత్రి ఎవరో ప్రహరీ కట్టేశారని వచ్చేవాళ్లు పట్టుకునేది హెన్రీ తలుపునే.

కానీ ఆ తలుపు అందరికీ తెరవలేదు. హెన్రీ విచారణ స్వతంత్రులకే. ప్రభువు నేల దున్నుతూ వారానికి ఇన్ని రోజులని వెట్టి చేసే విలన్‌కు నేల విషయంలో రాజు కోర్టు గడప దొరకదు. అతను పోవలసింది ప్రభువు కచేరీకే. మాగ్నా కార్టా 39వ నిబంధనలో ఉన్న ‘స్వతంత్రుడు’ అన్న మాట వాళ్లలో చాలామందిని బయట నిలబెట్టింది. అయితే ప్రభువు కచేరీలోనే ఒక చిత్రం జరిగింది. ఎవరు ఏ చెక్క దున్నుతున్నారో ఆ కచేరీ రికార్డులో రాయడం మొదలైంది. దున్నేవాడు దాని నకలు తెచ్చి ఇంట్లో దాచుకున్నాడు. రెండు శతాబ్దాలు గడిచేసరికి ఆ నకలే హక్కు పత్రమైంది, రాజు కోర్టులు కూడా దాన్ని ఒప్పుకున్నాయి. కాపీహోల్డు అనే ఆ హక్కు ఇంగ్లండులో 1926 మొదటి రోజుదాకా బతికి, పూర్తి యాజమాన్యంగా మారింది.

జాగీరు ఊళ్లలో దున్నినవాళ్ల పేర్లకు ఇక్కడా అలాంటి దారే ఒకటి వేశారు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుల జాబితా రాయించింది. తర్వాత చేర్చిన 38-ఈ సెక్షన్ కింద వాళ్లకు యాజమాన్య ధ్రువపత్రాలు ఇచ్చారు. హైటెక్ సిటీ చుట్టూ కొన్ని ఊళ్లలో ఆ మూడు నాలుగు అక్షరాలు పలికితే రియల్ ఎస్టేట్ వాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. పహాణీలోనూ పట్టాదారు పేరుకు ఒక కాలమ్, అనుభవదారుకు ఒక కాలమ్ ఉండేవి. ఊరివాళ్లు రెండోదాన్ని కాస్తు కాలమ్ అంటారు. పట్టా ఎవరిదైనా, దున్నేది ఎవరో ఏటా అక్కడ పడేది. పట్వారీ చేతివాటంతో ఎన్ని తప్పులు దొర్లినా, కాగితం లేనివాడికి అదొక్కటే కాగితం. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. ఆ రికార్డులో అనుభవదారు కాలమ్ పెట్టలేదు.

(వచ్చే సంచికలో: మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కేతన)